కోలుకునేవాళ్ల దారి

లండౌర్ ఊరు పుట్టిందే జబ్బు మనుషుల కోసం. మైదానాల్లో జ్వరాలతో, విరేచనాలతో చిక్కి సగమైన తెల్ల సిపాయిలు కోలుకునేదాకా ఉండడానికని 1827లో ఈస్టిండియా కంపెనీ సైన్యం ముస్సోరీ పక్కనున్న ఈ శిఖరం మీద ఒక డిపో పెట్టింది. అప్పటికి రైలు లేదు, మోటారు లేదు. కింద రాజ్‌పుర్ దాకా ఎలాగో వచ్చి, అక్కణ్నుంచి ఓపికున్నవాడు నడిచి, లేనివాడు పొట్టి గుర్రం మీదో కూలీలు మోసే డోలీలోనో పైకెక్కాలి. అంత అవస్థపడి చేరినవాడికి ఇక్కడ చేయవలసిన పని పెద్దగా ఉండేది కాదు. తినడం, పడుకోవడం, చల్లగాలిలో నాలుగడుగులు వేయడం. కొండ నెత్తి చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే తెచ్చి దింపే దారి ఒకటుంది. ఇక్కడివాళ్లు దాన్ని ‘చక్కర్’ అంటారు. మూడు కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది. ఎత్తుపల్లాలు ఉన్నా ఆయాసపెట్టేవి కావు. ఒక పక్క దేవదారు చెట్ల సందుల్లోంచి మంచుకొండలు, ఇంకో పక్క దూరాన డెహ్రాడూన్ లోయ. గుండెకు స్టెంట్లు పడిన మా నాన్నను వెంటబెట్టుకుని ఈ దారి నడిచాక, నూట తొంభై ఏళ్ల కిందటి ఆ సిపాయిలు నాకు పరాయివాళ్లనిపించలేదు.

అసలు మేం వెళ్లాలనుకున్నది కేదారనాథ్. అమ్మ ఎన్నో ఏళ్లుగా దాచుకున్న కోరిక అది. గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంటుంది, గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్లకు తక్కువ కాని ఎక్కుడు. హెలికాప్టర్‌లో పోయినా పైన గాలి పలచనే కదా అని గుండె డాక్టరు అడ్డంగా తల ఊపాడు. రెండు వేల మీటర్లు, కాస్త అటూ ఇటూ అయితే ఫరవాలేదన్నాడు. నాన్న ఆ మాటే పట్టుకున్నాడు. ఆయన కర్నూలు జిల్లాలో సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. గొలుసు పట్టుకుని చేల గట్ల వెంట తిరిగిన కాళ్లు ఆయనవి. మ్యాపు ముందేసుకుని, కేదారం దగ్గరికి పోలేకపోతే కేదారం కనిపించే చోటికి పోదామన్నాడు. లండౌర్‌లో లాల్ టిబ్బా ఎత్తు 2,275 మీటర్లు. నింగి తేటగా ఉంటే అక్కణ్నుంచి కేదారనాథ్ శిఖరం కనిపిస్తుంది. వానలు పోయి, చలి ఇంకా ముదరని కార్తీకం రోజుల్లో బయల్దేరాం.

డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ ముప్పై అయిదు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఆ దారిలో నాన్న చూపంతా కొండల వాలు మీదే ఉంది. పచ్చటి వాలులో అక్కడక్కడ తెల్లగా, చర్మం ఊడినట్టు కనిపించే చోట్లున్నాయి. “సున్నపురాయి తీసినారు ఈడ” అన్నాడు, చెప్పకముందే. నిజమే. ముస్సోరీ కొండల్లో ఒకప్పుడు సున్నపురాయి క్వారీలు దండిగా ఉండేవి. పేలుళ్లకు చెట్లు పోయి, మట్టి జారి, ఊటలు ఎండిపోతుంటే ఇక్కడి జనం కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 1985లో చాలా క్వారీలను మూయించింది. పర్యావరణం పేరుతో ఆ కోర్టు ముందుకు వచ్చిన తొలి పెద్ద కేసుల్లో అదొకటి. బోడిగా మిగిలిన వాలుల మీద మళ్లీ మొక్కలు నాటింది మాజీ సైనికులతో 1982లో ఏర్పడిన టెరిటోరియల్ ఆర్మీ పర్యావరణ దళం. బేతంచెర్ల, బనగానపల్లె క్వారీల్లో హద్దురాళ్లు పాతించిన నాన్నకు ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తెల్లమచ్చల మీద పెరిగిన చెట్లను కారు అద్దంలోంచి మెడ తిప్పి తిప్పి చూశాడు. “పెరుగుతాయి మ్మా, మనిషి ఇడిసిపెడితే” అన్నాడు.

ముస్సోరీ గురించి నేను ఎక్కువ చెప్పను. మాల్ రోడ్డు, రోప్‌వే, మొక్కజొన్న పొత్తులు, హారన్లు. తెలుగువాళ్లలో చాలామందికి ఆ పేరు వినగానే ఐఏఎస్ శిక్షణ గుర్తొస్తుంది. లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీదున్న ఆ అకాడమీ ఊరికి అటు పడమట ఉంది. మేం తూర్పుకు తిరిగి లండౌర్ బజారులోకి వెళ్లాం. రెండు పక్కలా కొట్లు, మధ్యలో ఒక బండికే సరిపడే సందు, దాని తర్వాత ముల్లింగర్ అనే నిట్టనిలువు ఎక్కుడు. 1825లో కెప్టెన్ ఫ్రెడరిక్ యంగ్ అనే ఐరిష్ అధికారి అక్కడ కట్టుకున్న ఇల్లే లండౌర్‌లో మొదటి పక్కా ఇల్లంటారు. ఐర్లండ్‌లోని ఒక ఊరి పేరు దానికి పెట్టుకున్నాడు. పైకి పోయేకొద్దీ ఇళ్లకు ఇట్లాంటి పేర్లే: వాల్టర్ స్కాట్ రచనల్లోంచి తెచ్చుకున్న కెనిల్‌వర్త్, రోక్‌బీ. ఎంత ఇంటిబెంగ పడ్డారో పాపం అనిపిస్తుంది గేటు పలకలు చదువుతుంటే. మా టాక్సీని చార్ దుకాన్ దగ్గర ఆపించి, సాయంత్రం రమ్మని పంపేశాం.

చార్ దుకాన్ అంటే పేరుకు నాలుగు కొట్లు. టీ, బన్ ఆమ్లెట్, మ్యాగీ, పాన్‌కేకులు. సిపాయిల బ్యారకుల పక్కన వాళ్ల కోసం వెలసిన కొట్లే ఇప్పుడు వచ్చీపోయేవాళ్లకు మజిలీ అయ్యాయి. అమ్మ అల్లం టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, పొగ మొహానికి తగిలేలా కూర్చుంది. ఎదురుగా సెయింట్ పాల్స్ చర్చి. 1840లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ చేతుల మీదుగా ప్రతిష్ఠ జరిగింది. జిమ్ కార్బెట్ అమ్మానాన్నల పెళ్లి 1859లో ఈ చర్చిలోనే అయింది. లోపల బల్లలకు గాడులు తొలిచి ఉన్నాయి. 1857 తిరుగుబాటు తర్వాత సిపాయిలు ప్రార్థనకు తుపాకులతో సహా వచ్చేవాళ్లు, ఆ గాడులు తుపాకులు ఆనించుకోవడానికి. నాన్న వేలితో ఒక గాడిని తడిమి చూశాడు. దేవుడి ముందు మోకరిల్లినప్పుడు కూడా పక్కన తుపాకి ఉండాల్సివచ్చిన భయం ఆ చెక్కలో ఇంకా ఉంది. ఏలినవాళ్లు ఎంత బెదిరిపోయి ఏలారో చెప్పడానికి నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నిటికంటే ఆ గాడి నాకు బాగా అర్థమైంది.

చర్చి దగ్గర్నుంచి మేం ఉత్తరపు పక్క దారి పట్టాం. రెండు మలుపులు తిరిగామో లేదో ఎండ పోయింది. కొండకు ఉత్తరాన సూర్యుడు సరిగా పడడు. అందుకే ఆ పక్కంతా తేమ, చిక్కటి దేవదార్లు, రాళ్ల మీద నాచు. బంజ్ అనే ఓక్ చెట్ల కొమ్మల మీద వానాకాలంలో మొలిచిన ఫెర్న్‌లు అప్పటికి పసుపుపచ్చగా వాడి ఉన్నాయి. ఎక్కడో కింద లోయలో ఈలపిట్ట కూసింది. అచ్చం మనిషి ఏ రాగమో తెలియకుండా ఈల వేసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది దాని పాట. హిమాలయన్ క్వెయిల్ అనే కౌజు జాతి పిట్ట ఒకటి 1860ల్లో ఈ ముస్సోరీ చుట్టుపక్కలే దొరికింది. 1876 తర్వాత అది కచ్చితంగా కనిపించిన దాఖలా లేదు. ఇంకా ఏ గడ్డివాలులోనో బతికే ఉందని వెతికేవాళ్లున్నారు. దారి పక్క గడ్డి కదిలినప్పుడల్లా నేనూ ఆగి చూశాను. ఆశకు ఖర్చేముంది?

నాన్న నడక చూసి నాకు ముందు భయమేసింది. ఆయన ఆగుతున్నాడు, కానీ ఆయాసంతో కాదు. చేయి చాపి, బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, ఎదుటి గుట్ట ఎంత దూరముందో అంచనా వేస్తున్నాడు. “దారి చూడు, కొండ ఎట్ల తిరిగితే అట్ల తిరిగింది. ఎత్తు ఇడిసిపెట్టలే. లెవెలింగ్ తెలిసినోడే ఏసినాడు” అన్నాడు. తన వృత్తిలోవాడు ఎప్పుడో చేసిన పనిని ఇంకొకడు మెచ్చుకోవడం ఎంత బాగుంటుందో ఆ పూట చూశాను.

అదే దారిలో, కిందికి వాలుగా, పాత శ్మశానం ఉంది. సమాధులు మెట్లుమెట్లుగా దిగిపోతాయి దేవదార్ల నీడలో. మేం వెళ్లినప్పుడు గేటుకు తాళం ఉంది. కమ్మీల్లోంచి కనిపించినంత చూశాం. ఇట్లాంటి కంటోన్మెంట్ శ్మశానాల్లో ముసలివాళ్ల సమాధులు తక్కువ. ఇరవై, ఇరవై రెండేళ్ల సిపాయిలు, నెలల పిల్లలు, కాన్పులో పోయిన తల్లులు. కోలుకోవడానికని ఇంత ఎత్తు ఎక్కి కూడా తిరిగి దిగనివాళ్లు. అమ్మ చెప్పులు విప్పి గేటు ముందు ఒక నిమిషం నిలబడింది. “ఎవురి బిడ్డలో, ఎంత దూరమొచ్చి పోయినారో” అంది.

వాళ్లను చంపిన జ్వరం ఎట్లా వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. పల్లపు నేలల్లోంచి, మురుగులోంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవాళ్లు, ఆ గాలికి అందకుండా రోగుల్ని కొండలెక్కించేవాళ్లు. కారణం తప్పు, మందు మాత్రం కొంతవరకు పనిచేసింది. ఇంత చలిలో ఆ దోమలు బతకవు కదా. దోమ సంగతి బయటపడింది మన దగ్గరే. లండౌర్ డిపో పెట్టిన డెబ్బై ఏళ్లకు, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో ఒక దోమ కడుపును పరీక్షించి, అందులో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. బేగంపేటలో ఆయన పేరు మీదున్న పాత భవనం పక్కనుంచి బస్సులో ఎన్నోసార్లు పోయాను. దాని అర్థం ఈ గేటు కమ్మీలు పట్టుకున్నప్పుడు తెలిసింది. అక్కడ ఆ దోమను కోయడానికి ముందు, ఇక్కడ ఇంతమందిని పూడ్చారు.

లాల్ టిబ్బా దగ్గర ఒక మేడ మీద టీకొట్టు, దుర్భిణి ఉన్నాయి. పొద్దున పది కాకముందే చేరామేమో, మబ్బు ఇంకా లోయల్లోనే ఉంది. మెట్లెక్కి పైకి రాగానే ఉత్తరం దిక్కు అంతా మంచు. ఫొటోల్లో చూసి చూసి నాకు తెలుసనుకున్న దృశ్యమే, కానీ ఫొటోలో దాని వెడల్పు పట్టదు. తల ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పాల్సిందే. ఎడమ కొసన స్వర్గారోహిణి, 6,252 మీటర్లు. భారతంలో పాండవులు చివరి ప్రయాణంలో నడిచి వెళ్లిన కొండ అదేనని ఇక్కడి నమ్మకం. దాని పక్కన బందర్‌పూంఛ్, 6,316. లంక కాల్చి వచ్చిన ఆంజనేయుడు తోకమంట చల్లార్చుకున్నది దాని మంచులోనేనట. తర్వాత శ్రీకంఠం, గంగోత్రి శిఖరాలు. ఇంకా కుడికి కేదారనాథ్, 6,940. దాన్ని దాటితే, బదరీనాథ్‌కు పడమటి కాపలాగా నిలిచిన చౌఖంబా, 7,138 మీటర్ల నాలుగు స్తంభాల మేడ.

“కేదారం యాడుందో చూపీ” అంది అమ్మ. నాన్న దుర్భిణి దగ్గరికి పోలేదు. ఇంట్లో తయారు చేసుకొచ్చిన కాగితం తీశాడు. ఒక్కో శిఖరం ఏ దిక్కున, ఉత్తరానికి ఎన్ని డిగ్రీలు కుడికి ఉండాలో ముందే లెక్కకట్టి రాసుకున్నాడు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, కాగితం చూసి, మళ్లీ కొండలు చూసి, అమ్మ భుజాలు పట్టుకుని కాస్త కుడికి తిప్పాడు. “అదిగో, ఆ వాలు దిగి మళ్ల లేసింది చూడు, రెండు కొనలు. అదే. గుడి దాని కాళ్లకాడ ఉంటాది.” అమ్మ చేతులు జోడించింది. చాలాసేపు దించలేదు. చుట్టూ పిల్లలు సెల్ఫీలు తీసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు, ఆమెకు పట్టలేదు. దర్శనం అయిందా అని నేను అడగలేదు. నా మటుకు నాకు, పైకి పోలేకపోయామన్న లోటు ఆ మేడ మీద తీరింది. కొండనంతా ఒక్కసారి చూడాలంటే దూరం కూడా కావాలి.

ఆ తర్వాత నాన్న చూపించిందే ఈ ప్రయాణంలో నేను ఊహించనిది. ఫోన్‌లో మేం నిలబడ్డ చోటి రేఖాంశం తీశాడు. 78 డిగ్రీలు, పైన కొద్దిగా. కర్నూలుదీ అంతే, 78 పైన కొద్దిగా. అంటే మా ఇంటి నుంచి తిన్నగా ఉత్తరానికి, కుడి ఎడమలకు తిరగకుండా, సుమారు 1,600 కిలోమీటర్లు నడిస్తే ఈ కొండ మీద తేలతాం. ఈ 78 డిగ్రీల గీత సర్వేవాళ్లకు మామూలు గీత కాదు. విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన మహా త్రిభుజ సర్వేకు వెన్నెముక ఇదే. కన్యాకుమారి నుంచి ముస్సోరీ దాకా దాదాపు 2,400 కిలోమీటర్లు, కొండ నుంచి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ భూమి వంపును కొలిచిన గీత. దానికి ఆధారరేఖల్లో ఒకదాన్ని 1811లో మా పక్క జిల్లాలోని గుత్తి దగ్గర గొలుసులతో కొలిచారు. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో గుత్తి కోటెక్కి, ఆ మైదానం చూసి, ఎంత సదునుగా ఉందో అనుకున్నాడట.

“ఎవరెస్టు ఇల్లు ఆడుంది” అని పడమటికి వేలు చూపించాడు. జార్జ్ ఎవరెస్టు 1830లో సర్వేయర్ జనరల్ అయ్యాక ముస్సోరీ పడమటి కొసన ఇల్లు కొన్నాడు. ఆ గీత ఉత్తరాన ముగిసిన బనోగ్ కొండ దానికి దగ్గరే. అయితే ఆయన కథ మన నేల మీద మొదలైంది. 1818 చివర లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు వచ్చాడు. మరుసటి ఏడు వానల్లో, కృష్ణకూ గోదావరికీ మధ్య అడవుల్లో కొలతలకు పోయి దండు మొత్తం జ్వరాన పడింది. మనుషులు చనిపోయారు. ఎవరెస్టును హైదరాబాదుకు మోసుకొచ్చారు. కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా కొసనున్న కేప్‌కు ఓడెక్కాల్సివచ్చింది. ఈ కొండ కింద పూడ్చిన సిపాయిలను, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పేరిచ్చిన మనిషిని దాదాపు ఒకే రకం జ్వరం పట్టింది. ఒకరు బతికారు, ఒకరు బతకలేదు.

ఎవరెస్టు పేరు అందరికీ తెలుసు. ఆ శిఖరం ఎత్తు లెక్కకట్టిన బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్‌దార్ పేరు కొంతమందికి తెలుసు. కోణాలు కొలిచే, అర టన్ను బరువున్న థియొడలైట్‌ను గుట్ట గుట్టకూ మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. తంజావూరులో దాన్ని గుడి గోపురం మీదికి లాగుతుంటే 1808లో తాడు తెగి గోడకు కొట్టుకుందని చరిత్ర రాసుకుంది, తాడు లాగినవాళ్లెవరో రాయలేదు. ఈ మాట దగ్గర నాన్న గొంతు మారింది. కర్నూలులో తనతో ఏళ్లతరబడి పనిచేసిన చైన్‌మన్‌కు అక్కణ్నుంచే ఫోన్ చేశాడు. “ఒరేయ్, యాడుండావు? ఇంటి ముందరికి రా. ఉత్తరానికి మొగం పెట్టు. తిన్నగా చూడు. ఆ గీత మీదనే నిలబడుండా, ఈ కొసన. ఆ, హిమాలయాల్లో. నువ్వూ నేనూ పట్టిన గొలుసుదే ఇది కూడా.” అవతల ఆయన ఏమన్నాడో వినపడలేదు. నాన్న చాలాసేపు నవ్వాడు.

లాల్ టిబ్బా నుంచి దారి మెల్లగా ఎండవైపుకు తిరుగుతుంది. సిస్టర్స్ బజార్ అనే చోట నాలుగు ఇళ్లు, ఒకటి రెండు కొట్లు, అంతే. సైనికాసుపత్రిలో పనిచేసిన నర్సులు అక్కడి బ్యారకుల్లో ఉండేవాళ్లట. అమెరికన్ మిషనరీలు తెచ్చిన వంటలు ఈ కొండ మీద స్థిరపడిపోయాయి. కొట్లో జామ్‌లు, చీజ్, వేరుశనగ వెన్న అమ్ముతున్నారు. అమ్మ వేలితో రుచి చూసింది. “శెనక్కాయల ఊరిబిండే గదా, కారం లేదంతే” అంది. ఒక సీసా కొన్నాం. సంగటిలోకి పనికొస్తుందని ఆమె లెక్క. దగ్గర్లోనే 1903లో కట్టిన కెలాగ్ స్మారక చర్చి. శామ్యూల్ కెలాగ్ హిందీకి పెద్ద వ్యాకరణం రాసిన మిషనరీ, 1899లో లండౌర్‌లోనే పోయాడు. ఆ ఆవరణలో ఇప్పటికీ భాషల బడి నడుస్తోంది. కిటికీలోంచి ఎవరో విదేశీయుడు హిందీ వాక్యాన్ని తిప్పి తిప్పి పలుకుతున్నాడు, పంతులమ్మ ఓపిగ్గా దిద్దుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ముస్సోరీలో ఒక హోటల్ నెత్తిన ఇంకో హోటల్ లేచి కొండ కనిపించకుండా పోతే, రెండు మైళ్ల దూరంలో లండౌర్ ఇంత చెట్టుతో ఎట్లా మిగిలింది? ఇది కంటోన్మెంట్ కాబట్టి. 1924 నాటి కంటోన్మెంట్ల చట్టం, ఆ తర్వాత వచ్చిన నిబంధనలు కొత్త కట్టడాలను దాదాపుగా రానివ్వలేదు. ఉన్న ఇళ్లను బాగుచేసుకోవచ్చు, కొత్తవి లేపడం కుదరదు. చట్టాన్ని చట్టంలా అమలుచేస్తే ఒక కొండ ఎట్లా ఉంటుందో చూడాలంటే ఇక్కడికి రావాలి. మన అరకులో, అనంతగిరిలో, హార్స్‌లీ కొండల్లో ఏం జరుగుతోందో తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. కొండ మీద ఊరు కట్టేటప్పుడు మొదటి ప్రశ్న ఎన్ని గదులు అన్నది కాకూడదు. నీళ్లెక్కడివి, మట్టి ఎంత మోస్తుంది, నడిచేవాడికి దారేది అని అడగాలి.

ఇళ్లు పెరగకపోయినా కార్లు పెరిగాయి. శని, ఆదివారాలు మధ్యాహ్నం నుంచి చక్కర్ మీద బండి వెనక బండి. ఇరుకు మలుపుల దగ్గర రెండు కార్లు ఎదురుపడి, ఏదీ వెనక్కి పోక, నడిచేవాళ్లు గోడకు అంటుకుని నిలబడాలి. కారులో ఈ చుట్టు పదినిమిషాల్లో అయిపోతుంది. అద్దం దించి, రెండు ఫొటోలు తీసి, టీ తాగి, కిందికి. కోలుకునేవాళ్ల కాళ్లకు సరిపోయే ఈ దారిని చక్రాలకు వదిలేయడం అన్యాయం. ఇక్కడ ఉండేవాళ్ల బళ్లు, అంబులెన్సు తప్ప మిగతావి చార్ దుకాన్ దగ్గరే ఆపితే ఎవరికీ నష్టం లేదు. నడవలేనివాళ్ల కోసం ఒక చిన్న బ్యాటరీ బండి తిప్పితే చాలు.

దక్షిణపు పక్క దారి మొత్తం వెలుగే. ఉత్తరాన చెవులు గడ్డకట్టించిన గాలి ఇటు లేదు. రాతి గోడల మీద కూర్చోవచ్చు. నాన్న శాలువా తీసి ఒళ్లో పెట్టుకుని, తన కాగితం మీద చక్కర్ బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. చర్చి ఒక బిందువు, శ్మశానం ఒకటి, లాల్ టిబ్బా ఒకటి, పక్కన దిక్కులు. భోజనం అయ్యాక కాసేపు నడుం వాల్చి, సాయంత్రం వెలుగు కోసం మళ్లీ బయటికొచ్చాం. అక్టోబరు మధ్య నుంచి జనవరి దాకా ఈ కొండల మీద పొద్దు గుంకేటప్పుడు ఒక వింత కనిపిస్తుంది. ‘వింటర్ లైన్’ అంటారు. మైదానాల మీద పేరుకున్న దుమ్ము, తేమ పొర పైఅంచు పడమటి ఆకాశంలో అడ్డంగా ఒక గీతలా నిలబడుతుంది. సూర్యుడు అసలు దిగ్మండలం చేరకముందే ఆ గీత వెనక్కి పోతాడు. కింద ఊదా, పైన నారింజ, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు అంచు. “లెవెల్ చూడు లెవెల్!” అన్నాడు నాన్న. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు.

మర్నాడు పొద్దున మళ్లీ చార్ దుకాన్‌కు వచ్చాం. ఒక టాక్సీ ఆగి తెలుగు మాటలు వినిపించాయి. గుంటూరు వైపు కుటుంబం. కుర్రాళ్లు దిగారు, వెనక సీట్లో పెద్దావిడ మాత్రం కూర్చునే ఉంది, మోకాళ్లకు శాలువా చుట్టుకుని. మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటానంటోంది. తెలుగు వినగానే నాన్న లేచి కారు దగ్గరికి పోయాడు.

“అక్కా, దిగండి. పైన కేదారం కనపడ్తాది.”

“నాకు ఎక్కే ఓపికెక్కడిదండీ, గుండె మనిషిని.”

“నేనూ గుండె మనిషినే. ఎక్కేది ఏముండదు, చుట్టు తిరిగేదే.”

“ఎంత దూరమంట?”

“మూడు కిలోమీటర్ల పైన. ఎండపక్కనుంచి పోదాం, గోడ ఉన్న చోటంతా కూర్చుంటా పోవచ్చు.” నిన్నటి కాగితం జేబులోంచి తీసి ఆమె చేతికిచ్చాడు. “ఇదో, కూర్చునే చోట్లు కూడా గుర్తు పెట్టినా.”

ఆవిడ కాగితం చూసింది, మా అమ్మను చూసింది, తలుపు తెరిచింది.